కెపాసిటర్లన్నీ మార్చాలా, చెడినదొక్కటే మార్చాలా?

ఒంగోలు గిటారు:
మా చర్చిలో పాత వాల్వు (గాజు ట్యూబు) గిటార్ ఆంప్ ఉంది. స్పీకర్‌ని నడిపే వాల్వులు రెండు ఈఎల్84లు, వాటికి ముందు సౌండు పెంచేవి రెండు ఈసీసీ83లు, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు ఈజెడ్81. ఆన్ చేస్తే గుయ్యిమని మోత, అరగంట పోయాక ఈఎల్84లలో ఒకదాని ప్లేటు ఎర్రగా కాలుతోంది. ఒక షాపులో చూపిస్తే కెపాసిటర్లన్నీ, వాల్వులన్నీ మార్చాలన్నారు. మా బాబాయేమో ఏది పోయిందో చూసి అదొక్కటే మార్చరా అంటాడు. ఎవరి మాట వినాలి?

మైకుసెట్టు పెద్దాయన, కావలి:
మీ బాబాయ్ మాటే వినబ్బాయ్. రొట్టెల పండక్కి ఈఎల్34 వాల్వుల ఆంప్లిఫయర్లు రాత్రంతా నడిపినవాణ్ణి, ఒక్కసారి కూడా అన్ని కండెన్సర్లూ (మీరనే కెపాసిటర్లే) పీకి కొత్తవి వెయ్యలేదు. అన్నీ ఒకేసారి మారిస్తే అసలు జబ్బేందో ఎప్పటికీ తెలీదు, పైగా ఒకటి ప్లస్సు మైనస్సు తిరగేసి బిగించావంటే కొత్త జబ్బు నువ్వే తెచ్చుకున్నట్టు. ముందు ఆ రెండు ఈఎల్84లని అటుదిటు మార్చి చూడు. ఎరుపు వాల్వుతో పాటు పోతే వాల్వు పోయినట్టు, అదే సాకెట్లో ఉండిపోతే తప్పు సర్క్యూట్‌లో ఉన్నట్టు.

నెల్లూరు సోల్డర్:
పెద్దాయన మీద గౌరవం ఉంది కానీ ఆయన ఆ రోజుల్లో నడిపినవి అప్పటికి కొత్త సెట్లు సార్. నలభై ఏళ్ళు దాటిన ఎలక్ట్రోలిటిక్ (ప్లస్సు మైనస్సు ఉండే పెద్ద కెపాసిటర్) లోపల ఎండిపోయి ఉంటుంది, ఇవాళ పని చేసినా రేపు షార్టయితే ముందు ఈజెడ్81 పోతుంది, ఫ్యూజు సరైంది లేకపోతే దాని వెనకే మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. దాన్ని మళ్ళీ చుట్టించే ఖర్చు ముందు ఈ కెపాసిటర్ల ఖర్చెంత? అన్నీ అంటే అన్నీ అనట్లేదు, సిరామిక్, మైకా జోలికి పోవద్దు. ఎలక్ట్రోలిటిక్‌లు మాత్రం మొత్తం మార్చాల్సిందే. ఒక జాగ్రత్త, ఈజెడ్81 వెనక మొదటి ఎలక్ట్రోలిటిక్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు. ఎక్కువ వేస్తే మోత తగ్గుతుందని 100 పెట్టేవాళ్ళుంటారు, ఆన్ చేసిన ప్రతిసారీ పాపం ఆ రెక్టిఫయర్ మీదే దెబ్బ.

కొత్తపట్నం ఉప్పుగాలి:
మీ ఇద్దరూ కెపాసిటర్ల దగ్గరే కొట్టుకుంటున్నారు. మా ఊళ్ళో సగం జబ్బులు వాల్వు సాకెట్ పిన్నులకి పట్టిన చిలుమే. పటపటమని శబ్దం వస్తే ముందు అవి శుభ్రం చెయ్.

ఒంగోలు గిటారు:
పటపట లేదన్నా, గుయ్యిమనడమే. వాల్వులు అటుదిటు మార్చాను, ఎరుపు మాత్రం అదే సాకెట్లో ఉంది. ఇప్పుడేం చెయ్యాలి?

మైకుసెట్టు పెద్దాయన, కావలి:
అనుకున్నా. స్పీకర్ తగిలించే ఉంచి, ఆ ఒక్క ఈఎల్84 తీసేసి, రెండో పిన్ను (సౌండు లోపలికొచ్చే గ్రిడ్) దగ్గర డీసీ ఎంతుందో చూడు. వాల్వు లేకుండా కూడా ప్లస్ వోల్టేజ్ ఉందంటే, ముందు వాల్వు డీసీని ఆపి సౌండునే పంపాల్సిన కప్లింగ్ కండెన్సర్ కారుతోంది. రెండు వాల్వులకీ కేథోడ్ రెసిస్టెన్స్ ఒకటే అయితే, ఇదొకటి ఎక్కువ లాగేకొద్దీ పక్కది చల్లబడిపోతుంది. ఆ చల్లబడినదాన్ని చూసి అదే చెడిందనుకుని మార్చేవాళ్ళు చాలామంది.

నెల్లూరు సోల్డర్:
చేతులు పెట్టే ముందు ఒక మాట. స్విచ్ ఆపినా లోపల 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. 10కె (పదివేల ఓమ్‌లు), 5 వాట్ల రెసిస్టర్‌తో దించి, మీటర్‌తో చూసుకున్నాకే తాకు. స్క్రూడ్రైవర్‌తో టప్పున షార్ట్ కొట్టే పాత అలవాటు వద్దు, పెద్దాయన ఏమనుకున్నా సరే.

మైకుసెట్టు పెద్దాయన, కావలి:
ఏమీ అనుకోను, ఆ అలవాటుతో రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కండెన్సర్ పోగొట్టుకున్నా.

ఒంగోలు గిటారు:
వాల్వు లేకుండా 14 వోల్టులు చూపించింది! రెండు వైపులా కప్లింగ్‌లు 630 వోల్టులవి కొత్తవి వేశాను. ఎరుపు పోయింది. మోత మాత్రం అట్టానే ఉంది, వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అంతే.

నెల్లూరు సోల్డర్:
వాల్యూమ్‌కి సంబంధం లేదంటే డీసీని నునుపు చేసే ఫిల్టర్ ఎలక్ట్రోలిటిక్‌ల మీదే అనుమానం. మన 50 సైకిల్స్ కరెంటు రెక్టిఫయర్ దాటాక 100 సైకిల్స్ మోతగా వస్తుంది. ఆపేసి, చార్జ్ దించి, మొదటి ఎలక్ట్రోలిటిక్ పక్కన 47 మైక్రోఫారడ్, 450 వోల్టులది క్లిప్పులతో కలిపి ఆన్ చెయ్. ఒక్క నిమిషం చాలు, ఎక్కువసేపు నడపొద్దు. ఆన్‌లో ఉండగా మాత్రం కలపొద్దు.

ఒంగోలు గిటారు:
మోత దాదాపు పోయింది. ఆ పాతది తీసేసి కొత్తది పెట్టేశాను. మిగతా రెండు ఎలక్ట్రోలిటిక్‌ల సంగతి?

మైకుసెట్టు పెద్దాయన, కావలి:
గమ్మునుండు. పని చేస్తున్నదాన్ని కెలకొద్దు.

నెల్లూరు సోల్డర్:
అదే డబ్బాలో, అదే వేడిలో, అన్నేళ్ళు ఉన్నవే అవి కూడా. మార్చెయ్.

ఒంగోలు గిటారు:
పెద్దాయనా కోప్పడొద్దు, మార్చేశాను. తీసినవి మీటర్‌లో పెట్టి చూశా. రెండూ 32 మైక్రోఫారడ్‌వే. ఒకటి 30 చూపించింది. ఇంకోటి 9.