అప్‌డేట్: పొడవు చెక్క వేస్తే పని తగ్గుతుందా?

పోయిన వారం నేను అడిగింది ఇది: వడ్ల బస్తాలను ట్రాలీలోకి ఎక్కించడానికి పొడవాటి చెక్క వేస్తే తేలిగ్గా ఉంటుంది, అంటే పని తగ్గినట్టే కదా అని. "బలం తగ్గుతుంది, పని తగ్గదు, కాటా పెట్టి కొలిచి చూడండి" అని మీలో కొందరు అన్నారు. ఇక్కడ పని అంటే బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది, దాన్ని జౌళ్లలో (joules) కొలుస్తారు. ఆదివారం మిర్యాలగూడ దగ్గర మా కల్లంలో తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డతో కలిసి కొలిచాను.

10 కిలోల వడ్ల సంచి, మీటరు ఎత్తు. నేరుగా లేపితే 98 జౌళ్లు. రెండు మీటర్ల చెక్క మీద గోనెను అలాగే ఈడిస్తే స్ప్రింగ్ కాటా ఎనిమిదిన్నర కిలోలు చూపించింది! రాపిడి అంత తినేస్తుందని నేను అనుకోలేదు. చెక్క మీద గోనె పీచు కూడా అంటుకుంది. సంచిని చిన్న చక్రాల బండి మీద పెట్టి లాగితే ఐదున్నరే. అదే బండిని అదే ఎత్తుకు నాలుగు మీటర్ల చెక్క మీద లాగితే మూడు.

బండి కొలతలతో బిడ్డ నోట్‌బుక్‌లో లెక్క వేసింది (కాటా కిలోలను 9.8తో గుణిస్తే బలం న్యూటన్లలో వస్తుంది, దాన్ని చెక్క పొడవుతో గుణిస్తే పని): 5.5 × 9.8 × 2, సుమారు 108 జౌళ్లు. 3 × 9.8 × 4, సుమారు 118. చేతికి తేలికైన చెక్కకే పని ఎక్కువైంది! నేను మళ్లీ కొలిపించాను, అదే వచ్చింది.

"నాన్నా, శ్రీశైలం ఘాట్ రోడ్డుకు అన్ని మెలికలు ఇందుకేనా?" అని అడిగింది. అవును, ఇందుకే: దారి పొడవైతే ఎక్కడానికి తక్కువ బలం చాలు.

కొలవమన్న అందరికీ థాంక్స్. ఈసారి బావి గిలక దగ్గర కాటా కట్టబోతున్నాం.