శ్రీకాకుళంలో ఉప్పు పట్టిన గోడ: ఏ పెయింటర్‌కి పని ఇవ్వాలి?

మాది శ్రీకాకుళంలో పాత డాబా ఇల్లు. హాల్లో పడమటి గోడకి కింద నుంచి మూడడుగుల మేర రంగు పెచ్చులుగా ఊడిపోతోంది. వేలితో రాస్తే తెల్లగా ఉప్పు పొడి రాలుతోంది. గోడలో పైపులేమీ లేవు.

పోయిన వేసవిలో గీకించి, పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు ఎమల్షన్ వేయించాం. వానలు వెళ్ళేసరికి మళ్ళీ పొంగింది. ఆ పెయింటర్ ఫోన్ ఎత్తడం లేదు.

ఇప్పుడు ఇద్దరొచ్చి చూశారు. ఒకాయన డ్యాంప్‌ప్రూఫ్ కోటింగ్ వేసి రంగేస్తే చాలంటున్నారు. రెండో ఆయన ఇటుక కనబడేదాకా ప్లాస్టరింగ్ కొట్టించి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపి మళ్ళీ చేయించి, బాగా ఆరాకే రంగు అంటున్నారు. ఖర్చు దాదాపు రెట్టింపు. గ్యారంటీ రాసివ్వమంటే ఇద్దరూ మాట దాటేస్తున్నారు, నా టెన్షన్ అదే.

ఇలాంటి గోడ బాగుచేయించుకున్నవాళ్ళు చెప్పండి, ఈ ఇద్దరిలో ఎవరికి పని ఇవ్వమంటారు?