అప్‌డేట్: అమ్మ పట్టుచీరకు పట్టిన కలరా ఉండల వాసన పోయింది

పోయిన నెల అడిగాను, గుర్తుందా? పదేళ్లు ట్రంకుపెట్టెలో ఉన్న అమ్మ ధర్మవరం చీరకు కలరా ఉండల వాసన పట్టేసింది, పాప బారసాలకు ఎలా కట్టుకోను అని. పోయిందండీ!

మొదట కంగారులో సెంటు కొట్టాను. రెండు వాసనలూ కలిసి తలనొప్పి వచ్చింది. చివరికి మీలో ఒకరు చెప్పిందే పనిచేసింది: ఈ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ నీళ్లలో దాదాపు కరగదు, గాలికి మెల్లగా ఆవిరైపోతుంది. అందుకని తడపకుండా, మడతలన్నీ విప్పి, ఎండ తగలని వరండాలో తాడు మీద ఆరేశాను. రోజూ మడత మార్చాను. నాలుగో రోజుకు సగం తగ్గింది. పన్నెండో రోజు కొంగుకు ముక్కు ఆనించి చూస్తే అమ్మ చీర వాసనే! ఏడుపొచ్చేసింది.

ఒక్కటి మాత్రం తప్పక చెప్పాలి. ఆ చీరతోనే ఉయ్యాల కడదామనుకున్నాం. జీ6పీడీ లోపం (రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిపిల్లలకు ఈ ఉండల ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు దెబ్బతినొచ్చని డాక్టరమ్మ చెప్పారు. వెంటనే ఆ ఆలోచన మానేసి, ఉతికిన నూలుచీర కట్టాం.

పెట్టెలోని ఉండలన్నీ తీసేశాను. ఇప్పుడు గుడ్డలో మూటగట్టిన ఎండు వేపాకు, వసకొమ్ములే ఉన్నాయి.