డాన్స్‌లో పీజీ, ఆ తర్వాత కొరియోగ్రఫీ: నల్లగొండ, పాలమూరు వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

మిర్యాలగూడ మువ్వలు:
బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నా. పదకొండేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నా. ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) చేసి కొరియోగ్రఫీ వైపు వెళ్లాలని ఉంది. నాన్న బీఈడీ చెయ్యమంటున్నాడు. నా భయం మాత్రం వేరే. టీచర్ నేర్పిన ఐటెం తప్పు లేకుండా చేస్తా. కొత్త పాట ఇచ్చి దానికి డాన్స్ నువ్వే కట్టమంటే ఏమీ తోచదు. ఇలాంటిదాన్ని పీజీలో తీసుకుంటారా?

పాలమూరు అడుగు:
తీసుకుంటారు చెల్లె. కట్టడం నేర్చుకోవడానికే కదా పోయేది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూచిపూడి, భరతనాట్యం రెండింటిలోనూ ఎంపీఏ ఉంది. తెలుగు యూనివర్సిటీలోనూ కూచిపూడి ఎంపీఏ ఉంది. దానికి ఇప్పుడు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. రెండేళ్ల కోర్సు.

ప్రాక్టికల్ పరీక్ష గురించి ఒక మాట. నన్ను తరంగం (కూచిపూడిలో పళ్లెం అంచు మీద నిలబడి చేసే ఐటెం) మధ్యలో ఆపి, "ఇదే జతి (తకధిమి లాంటి అడుగుల బోలు) రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, నోటితో చెప్పు, చేత్తో తాళం వెయ్యి" అన్నారు. కాళ్లకు వచ్చింది నోటికి రాలేదు. నట్టువాంగం, అంటే తాళం వేస్తూ జతులు చెప్పి నాట్యం నడిపించడం, ఇప్పటి నుంచే పట్టు. ఆది తాళం ఎనిమిది అక్షరాల్లో ఒకటి, మిశ్రచాపు ఏడు అక్షరాల్లో ఒకటి, రోజూ సొంతంగా చిన్న తీర్మానం (జతిని ముగించే బోలు) రాసి కాళ్లతో చేసి చూడు. కట్టడం అక్కడే మొదలవుతుంది.

రెండో ఏడు మన పాలమూరు వలస మీద ఏడు నిమిషాల ముక్క కట్టాను. ఆరుగురు అమ్మాయిలు, తలల మీద మూటలు, అందరిదీ ఒకే ముద్ర. మేడం పాట ఆపించి "ఇప్పుడు చేయండి" అన్నారు. పాట పోయాక అందులో ఏమీ మిగల్లేదు. రాత్రంతా ఏడ్చాను. మర్నాటి నుంచి వారం రోజులు పాట ముట్టలేదు. మా అమ్మమ్మ గడ్డిమోపు దించేటప్పుడు ముందు మోకాళ్లు వంగేవి, తర్వాత నడుము. మెడ మాత్రం చివరిదాకా నిటారుగా ఉండేది. ఆ ఒక్క కదలిక పట్టుకుని ముక్క మొత్తం మళ్లీ కట్టాం.

దేవరకొండ తండా పిల్ల:
అక్కా, ఆ మెడ సంగతి చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా తండాలో నీళ్ల బిందె దించేదీ అట్లనే.

మువ్వలూ, నాకు ఎక్కువ కష్టమైంది వలయం. మా లంబాడీ ఆట గానీ, బతుకమ్మ గానీ, కోలాటం గానీ గుండ్రంగా తిరుగుతాయి. ఆడేవాళ్ల ముఖాలు లోపలికి ఉంటాయి. స్టేజీ అయితే జనం ఎదురుగా ఒక్క వైపే కూర్చుంటారు. కాలేజీ పోటీలకు పోయినప్పుడు వలయాన్ని విప్పి వరసగా నిలబెట్టమన్నారు, నిలబెట్టాను. అడుగులు అవే, ఆట మాత్రం చచ్చిపోయింది. ఒకరి నుంచి ఒకరికి అందే ఊపు తెగిపోయింది. పీజీ ప్రాజెక్టులో వలయాన్ని అట్లనే ఉంచి, ముందువైపు ఇద్దరి మధ్య సందు పెంచాను. అందరూ ఆ సందు ముందు నుంచి పోయేటప్పుడు ఒక్క క్షణం జనం వైపు తిరుగుతారు. అంతే, ప్రాణం వచ్చింది.

థియరీని చిన్నచూపు చూడకు. కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలు. నాలుగు మార్గానికి (శాస్త్రం చెప్పిన నాట్యం), నాలుగు దేశికి (ఆయా ప్రాంతాల ఆటలు). అంటే జనం ఆడే ఆటలకు శాస్త్రంతో సమానంగా చోటిచ్చాడు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టింది ఆ పుస్తకం ఆధారంగానే. అది క్లాసులో విన్న రోజు మా అవ్వకు ఫోన్ చేసి చెప్పాను.

సూర్యాపేట నాన్న:
మా పాప ఎంపీఏ చేసింది. డబ్బుల సంగతి నేను చెప్తా బిడ్డా. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. తప్పకుండా అప్లై చెయ్యి. 25 దాటాక జూనియర్ ఫెలోషిప్ ఉంది. లెక్చరర్ కావాలంటే రాసే యూజీసీ నెట్ పరీక్షలో డాన్స్ సబ్జెక్టు ఉంది, మీ నాన్నకు ఆ మాట చెప్పు.

సంపాదన మొదట స్కూళ్ల వార్షికోత్సవాలతోనే. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు మా పాపతో నెల రోజులు పని చేయించుకుని సగం డబ్బే ఇచ్చారు. అప్పటి నుంచి సగం అడ్వాన్స్ తీసుకుని, మాట్లాడుకున్నది కాగితం మీద రాయించుకున్నాకే పాప ప్రాక్టీసు మొదలుపెడుతుంది. సినిమా వైపు పోతే యూనియన్ కార్డు కావాలి, అక్కడ ఏళ్లపాటు గ్రూపులో ఆడాలి. మీ నాన్న నంబర్ మెసేజ్‌లో పెట్టు, నేనే మాట్లాడతా.

మిర్యాలగూడ మువ్వలు:
అంకుల్, నంబర్ పంపాను. అక్కా, తీర్మానం నిన్న రాత్రే ఒకటి రాశా, మిశ్రచాపులో. మూడోసారికి తాళం తప్పుతోంది. తండా పిల్లా, మా మేనత్త వాళ్ల ఊళ్లో కోలాటం బృందం ఉంది. ఆదివారం పోతున్నా, ఫోన్‌లో వీడియో తీసుకురానా?

దేవరకొండ తండా పిల్ల:
మొదటి రోజు తీయకు. కోలలు అడిగి తీసుకుని వలయంలో చేరు. వాళ్లు నిన్ను ఏ పక్క నుంచి సర్దుకుని తీసుకుంటారో చూసి, ఇంటికొచ్చాక అదొక్కటి రాసిపెట్టుకో.