చండ్ర కర్రతో స్రువం చెక్కితే గిన్నె దగ్గర నెర్రె వస్తోంది

మాది అనంతపురం. ఇంట్లో చేసుకునే హోమానికి స్రువం (నెయ్యి వేసే చిన్న చెక్క గరిటె) సొంతంగా చెక్కుకుంటున్నాను. స్రువానికి చండ్ర, జుహువుకు (ఆహుతి వేసే పెద్ద గరిటెకు) మోదుగ అని శ్రౌతంలో, అంటే వైదిక యజ్ఞవిధుల్లో, చెప్పినట్టే కర్ర తెచ్చుకున్నా. మోదుగతో ఏ ఇబ్బందీ లేదు, అది మెత్తన. చండ్రతోనే తంటా.

కర్ర మార్చిలో కొట్టిన పచ్చి కొమ్మ, మూడంగుళాల లావు. మూరెడు పొడవు కోసి, కొసన బొటనవేలి కణుపు పట్టేంత గుంట తవ్వాను. చెక్కిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి గుంట అంచు నుంచి పిడి వైపు, కర్ర నార వెంబడే వెంట్రుకంత గీత. ఆ తర్వాత నెయ్యి కారేంతగా విచ్చుకుంటుంది.

కొసలకు మైనం పూశాను. తడి గోనెసంచిలో చుట్టి నీడన పెడితే బూజు పట్టింది, నెర్రె మాత్రం ఆగలేదు. ఆముదం పట్టించినా అంతే. కొమ్మను నిలువునా చీల్చి, నడుమ బెండు తీసేసి, చేవ (లోపలి గట్టి కర్ర) మాత్రమే ఉంచి చెక్కితే కాస్త నయం: పిడి నిలిచింది, పిడి మీద ఉలితో చెక్కిన మా గోత్రం అక్షరాలు కూడా చెదరలేదు. గుంట మాత్రం మళ్లీ చీలింది. జిగురుతో పూడ్చమని ఒకాయన అన్నారు గానీ, నెయ్యీ నిప్పుసెగా తగిలే దానికి జిగురేమిటి!

చండ్ర చేవతో పనిచేసిన వడ్రంగులు, స్రుక్‌స్రువాలు (హోమపు గరిటెలు) చెక్కేవాళ్లు చెప్పండి: మా ఎండలకు గుంటను పచ్చి మీదే తవ్వి రంపపు పొట్టులో ఆరబెట్టాలా, లేక చీల్చిన చెక్కను పూర్తిగా ఆరనిచ్చాకే తవ్వాలా?