బీటిల్స్ బ్యాండ్ పిచ్చి మీద తీసిన 'ఐ వాన్నా హోల్డ్ యువర్ హ్యాండ్' (1978) ఎందుకు ఆడలేదంటారు?

పాతరీలు:
రాబర్ట్ జెమెకిస్ మొదటి సినిమా, రాత్రి చూశా. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ ఎడ్ సలివాన్ షోకి (అమెరికా టీవీ ప్రోగ్రాం) వస్తున్నారని న్యూజెర్సీ నుంచి ఆరుగురు కుర్రకారు న్యూయార్క్ బయల్దేరతారు, కారేమో ఒకడి నాన్నది, అంత్యక్రియల బిజినెస్ లిమోజిన్! పడీపడీ నవ్వా. తీరా చూస్తే ఖర్చు దాదాపు 28 లక్షల డాలర్లు, వచ్చింది 19 లక్షలేనట. ఇంత మంచి కామెడీ అలా ఎలా పోయింది?

గోదారి_గాలి:
నాకు ఎక్కలా బ్రో. సగం సినిమా కేకలే, ఆ రోజీ పిల్ల నోరు తెరిస్తే సౌండ్ తగ్గించుకోవాల్సొచ్చింది.

డల్లాస్_బుజ్జి:
కేకలే కదండీ కథ! రోజీగా వెండీ జో స్పెర్బర్ ఒళ్లు హూనమయ్యేలా దొర్లుతుంది పాపం, ఆడపిల్లతో అంత మొరటు కామెడీ చేయించిన సినిమాలు అప్పట్లో ఎన్నున్నాయి చెప్పండి. ఇంకా నాన్సీ ఆలెన్ సీను... బీటిల్స్ దిగిన హోటల్ రూంలోకి దూరి, గిటారు మెడని అలా నిమురుతూ ఉంటుంది, ఇంతలో వాళ్లొచ్చేస్తే మంచం కిందకి దూరుతుంది, మనకి కనిపించేది బూట్లు, వినిపించేది గొంతులు అంతే. పిల్లని వెక్కిరించకుండానే నవ్వించాడు, నాకైతే అదే నచ్చింది.

పాతరీలు:
అవును, మొహాలు చూపించకపోవడం భలే ఐడియా. బుజ్జి గారూ, ఆ వెండీయే జెమెకిస్ తర్వాత తీసిన 'బ్యాక్ టు ద ఫ్యూచర్'లో హీరో అక్క, లిమో కుర్రాడు మార్క్ మెక్‌క్లూర్ హీరో అన్న. అందులో గడియారం టవర్ మీద పడే పిడుగుని, ఈ సినిమా చివర్లో యాంటెన్నా మీద పడేసి ముందే ప్రాక్టీస్ చేసుకున్నాడేమో 😀

సెకండ్_షో:
ఆడకపోవడం గురించి జెమెకిస్సే చెప్పాడుగా, ప్రివ్యూలో జనం ఊగిపోయారు, రిలీజయ్యాక హాల్లో మనుషుల్లేరు, ప్రివ్యూలో నచ్చినంత మాత్రాన టికెట్ కొనుక్కుని వస్తారని లేదని అప్పుడే తెలిసిందన్నాడు. కుర్రాడు సరిగ్గా తీయకపోతే నేనే దిగి తీస్తానని ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ స్పీల్‌బర్గ్ మాటిస్తే గానీ యూనివర్సల్ స్టూడియో వాళ్లు ఒప్పుకోలేదు. రివ్యూలు మరీ చెడ్డగా ఏం లేవు, కానీ స్టార్లు లేరు, బీటిల్స్ మొహాలు కూడా లేవు, పోస్టర్ చూసి ఎవడొస్తాడన్నా?

గోదారి_గాలి:
సరే మళ్లీ ట్రై చేస్తా. ఎక్కడ దొరుకుతుంది?

సెకండ్_షో:
క్రైటీరియన్ (పాత మంచి సినిమాల డిస్కులు వేసే కంపెనీ) డిస్క్ ఉంది, 2019ది. సబ్‌టైటిల్స్ పెట్టుకో, అందరూ ఒకేసారి అరుస్తారు.