‘సిరికిం జెప్పడు’ పద్యమూ, ఒక ఇత్తడి పళ్లెం మీది బొమ్మా

అమలాపురంలో మా పెదనాన్నగారి ఇంట ఉన్న తాంబూలపు పళ్లెం మీద గజేంద్రమోక్షం బొమ్మ చూసి, విష్ణువు గరుత్మంతుణ్ణి ఎక్కకుండా కాలినడకన పరుగెత్తడం పొరపాటని మిత్రులొకరు అన్నారు. సంస్కృత భాగవతం అష్టమ స్కంధం 3వ అధ్యాయాన్ని బట్టి ఆ మాట న్యాయమే. అక్కడ స్వామి చక్రం ధరించి గరుడునిపైనే వస్తాడు. అయితే ఈ బొమ్మ గీసినవాడు పోతన వెంట నడిచాడు.

ఆయన ‘సిరికిం జెప్పడు’ మత్తేభ పద్యంలో క్రియలన్నీ వ్యతిరేకార్థకాలే: లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేత సంధింపడు, పరివారాన్ని చీరడు (పిలవడు), గరుడుణ్ణి పన్నింపడు (సిద్ధం చేయించడు), జారిన కొప్పును ఒత్తడు (సర్దుకోడు), పట్టిన పైటకొంగును వీడడు. చేయని పనిని మాటతో చెప్పవచ్చును గాని గీతతో చూపడం ఎట్లా? అందుకే ఇతడు ‘తన వెంటన్ సిరి’ అన్న మరో పద్యాన్ని ఆశ్రయించి, స్వామి విడిచి వచ్చినవన్నీ పళ్లెం అంచు వంపున ఆయన వెనుక వరుసగా నడిపించాడు: ముందు లక్ష్మి, ఆపైన అంతఃపుర స్త్రీలు, వారి వెనుక వీపు ఖాళీగా ఉన్న గరుత్మంతుడు, ఆయన పక్కన ఎవరి చేతా లేని శంఖచక్రాలు.

ఇది ఉలితో చెక్కిన పని కాదు. ఉలి గీత నడుమ లావెక్కి చివర సన్నగిల్లుతుంది. మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ఉంచి తీసిన ఈ గీతలు మొదటి నుంచి తుది దాకా ఒకే మందంగా ఉన్నాయి. మైనం మీద సూదికి అడ్డు ఉండదు గనుకనే, ‘ఆకర్ణికాంతర ధమ్మిల్లము’ అన్నందుకు తగినట్లు, చెవి మీదికి జారిన స్వామి కొప్పులో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

అసలు సొగసు ‘చేలాంచలమైన వీడడు’ అన్న చోట ఉన్నది. రూపం చేత అదీ వ్యతిరేక క్రియే అయినా, వీడకపోవడమంటే పట్టుకొని ఉండడమే కదా. ఆరింటిలో నేరుగా కంటికి కనిపించే పని ఇదొక్కటే. స్వామి పిడికిలి నుంచి లక్ష్మి భుజం దాకా బిగిసిన పైటకొంగును రెండే గీతలతో గీసి, బొమ్మనంతటినీ దాని మీద నిలబెట్టాడు. ఆమె ఒక పాదం ముందుకు సాగగా, రెండవ పాదం మడమతో సహా నేలకు అంటుకొని ఉన్నది. లక్ష్మి నడకను గురించి మరో పద్యంలో ‘అడుగిడు నడుగిడదు’ అన్నది కూడా అతడు మరువలేదు.

ఆయుధాలు లేని స్వామిని పోల్చుకోవడానికి కాబోలు, తలపై కిరీటం మాత్రం ఉంచాడు. కొప్పు అంతగా జారినప్పుడు కిరీటం చెక్కు చెదరకుండా నిటారుగా నిలవడం నాకు నప్పలేదు.